గుంటకు నాలుగు కార్లు: ఓరుగల్లు చుట్టూ బండి విడిచే జాగ లెక్క

ములుగు ఇంకా రాకముందే, జాతీయ రహదారి 163ను ఆనుకొని గట్టమ్మ గుడి వస్తుంది. మేడారం పోయే బండి ఇక్కడ ఆగకుండా పోదు. వనదేవతల దగ్గరికి పోయేముందు గట్టమ్మకు మొక్కాలన్నది ఈ దిక్కు ఆనవాయితీ. డ్రైవర్ దిగుతాడు, కొబ్బరికాయ కొడతాడు, బానెట్ మీద పసుపు కుంకుమ అద్దుతాడు, ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెడతాడు. ఈలోపు వెనక సీట్లోని పిల్లలు దిగి ఏదో ఒకటి కొనిపించుకుంటారు. మొత్తం పది నిమిషాల పని. బండి పెట్టే జాగ గురించి తెలుసుకోవాల్సిందంతా ఆ పది నిమిషాల్లోనే ఉంది.

నిమిషానికి 10 బండ్లు వస్తున్నాయనుకుందాం. ఒక్కొక్కటి 10 నిమిషాలు ఆగితే, ఎప్పుడు చూసినా గుడి ముందు 100 బండ్లు నిలబడి ఉంటాయి. ఆగే సేపు 15 నిమిషాలైతే 150. వచ్చే బండ్లు పెరగలేదు, ఉన్న జాగ తగ్గలేదు. సెల్ఫీలకు ఇంకో ఐదు నిమిషాలు పట్టింది, అంతే. ఆ పెరిగిన 50 బండ్లు ఎక్కడ నిలబడాలి? హైవే మీదనే. కిలోమీటరు వెనకున్న లారీ డ్రైవర్‌కు ఇదేదీ తెలియదు, ముందు ఎక్కడో యాక్సిడెంట్ అయిందనుకుంటాడు.

ఊరు చిన్నదైనా పెద్దదైనా సూత్రం ఇదే. నిలబడి ఉండే బండ్లు ఎన్నంటే, వచ్చేవాటిని ఆగే సేపుతో గుణించినన్ని. జాగ లేదన్న మాట ప్రతి ఆదివారం వినబడుతుంది. వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి దిక్కు నేలకేం కొదవ? రామప్ప చుట్టూ పొలాలే, లక్నవరం తొవ్వంతా ఖాళీయే. కరువల్లా చివరి అర కిలోమీటరులోనే. అందరికీ అక్కడే కావాలి.

భూమి కొలతలు నోటిమీద ఉండే జిల్లాలు కాబట్టి లెక్క గుంటల్లోనే వేసుకుందాం. గుంటంటే 121 గజాలు, 40 గుంటలైతే ఎకరం. ఇంజినీర్లు ఒక కారుకు గీసే గడి 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు ఉంటుంది. అంటే 15 గజాలు. అయితే కారు ఆకాశంలోంచి ఆ గడిలో దిగదు కదా. లోపలికి వచ్చే తొవ్వ, తిప్పుకునే జాగ, తలుపు తెరిచి ముసలామెను దింపుకునే సందు అన్నీ కలిపితే 30 గజాల దాకా పోతుంది. కాబట్టి గుంటకు 4 కార్లు, ఎకరానికి 160. అది కూడా సున్నంతో గీతలు కొట్టి, ఒక మనిషి ఈల పట్టుకొని నిలబడితే తేలే లెక్క. ఎవరికి తోచినట్టు వాళ్లు పెడితే గుంటకు 3 పట్టినా గొప్పే. మధ్యలో ఇరుక్కున్న బండి కోసం మైకులో నంబరు చదివించుకోవడం దానికి అదనం.

ఆ ఒక్క కారు గడిలోనే బైకులైతే 6 పడతాయి. బస్సుకు తిరిగే జాగతో కలిపి ఏకంగా గుంట ఇచ్చేసినా 50 మంది దిగుతారు. అదే గుంటలో 4 కార్లు నిలిపితే దిగేది 20 మంది. ఈ రెండు అంకెలు గుర్తుంచుకుంటే మేడారం దగ్గర పనికొస్తాయి.

ఇప్పుడు రామప్పకు పోదాం. రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆదివారం పూట గంటకు 60 కార్లు వస్తాయనుకుందాం. గుడి చుట్టూ తిరిగి, మదనికల శిల్పాలు చూసి, నంది దగ్గర ఫొటో దిగి రావడానికి గంటన్నర. అంటే 90 కార్లకు జాగ కావాలి, 22.5 గుంటలు. అవే కార్లను గుడి దగ్గర అట్లాగే ఉంచి జనం చెరువు కట్టకు కూడా పోయొచ్చారంటే ఇంకో గంట. కావలసిన జాగ ఒక్కసారిగా 150 కార్లకు, అంటే 37.5 గుంటలకు పెరుగుతుంది. చెట్టు కింద చాప పరిచి పులిహోర డబ్బా తెరిస్తే ఎంతవుతుందో లెక్కేయడం కూడా దండగ. అందుకే గుడి చూడడం అయిపోగానే బండి తీసి, చెరువుకు పోయేవాళ్లు చెరువు దగ్గర పెట్టుకోవడం మంచిది. తినేది అక్కడే తినొచ్చు, గాలి కూడా అక్కడే బాగుంటుంది.

వేయిస్తంభాల గుడి దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. 1163 నాటి ఈ రుద్రేశ్వరాలయం హనుమకొండ నడిబొడ్డున ఉంది. మామూలు రోజున వచ్చేవాళ్లు అరగంటలో మొక్కి పోతారు, ఒక జాగ రోజుకు ఎన్నోసార్లు చేతులు మారుతుంది. ఎంగిలిపూల బతుకమ్మ నాడు మాత్రం ఆగేది మూడు గంటలే అయినా, అందరూ వచ్చేదీ ఒకే గంటలో, వెళ్లేదీ ఒకే గంటలో. ఒక బండి లేస్తే ఇంకొకటి పెట్టడమన్న మాటే ఉండదు. పద్మాక్షి గుండం దగ్గర సద్దుల బతుకమ్మదీ ఇదే తీరు. గునుగు, తంగేడు, బంతి పేర్చిన బతుకమ్మను పట్టుచీర కట్టుకొని నెత్తిన పెట్టుకున్న ఆడమనిషిని కిలోమీటరు నడవమనడం న్యాయం కాదు. నిజానికి ఎవరూ నడవక్కర్లేదు. దించే జాగ వేరు, పెట్టే జాగ వేరు అని ఒప్పుకుంటే చాలు. దించడానికి రెండు నిమిషాలు సరిపోతుంది. బతుకమ్మలను దించిన బండి అక్కడినుంచి కదిలి, నాలుగు వీధుల అవతల ఏ బడి మైదానంలోనో ఆగాలి. ఆట అయ్యేదాకా గుడి ముందే ఇంజిన్ ఆపి, సీటు వెనక్కి వాల్చి ఫోన్ చూస్తూ కూచునే మగవాళ్లతోనే ఆ రాత్రి సగం ట్రాఫిక్ జామ్.

చెరువు కట్ట, సముద్రపు ఒడ్డు

వరంగల్‌లో రైలెక్కి బాపట్లలో దిగి, అక్కడినుంచి సూర్యలంక బీచికి పోయే కుటుంబాలు ఈ దిక్కు చాలానే ఉన్నాయి. కారులో పోయేవాళ్లూ ఉన్నారు. అక్కడ చూసిన చిక్కే లక్నవరంలోనూ కనిపిస్తుంది. సముద్రం ఒడ్డునున్న చిన్న ఊరికి ఒకవైపు అసలు నేలే లేదు. మామూలు ఊళ్లో గుడికి నాలుగు దిక్కులా బండ్లు పెట్టొచ్చు. గుడి నుంచి అర కిలోమీటరు దూరంలో చుట్టూ గీత గీస్తే, లోపల పడేది 194 ఎకరాలు. ఒడ్డునున్న ఊరికి అందులో సగం నీళ్లపాలు, మిగిలింది 97. ఆ మిగిలిన సగంలోనే ఇళ్లు, హోటళ్లు, ఊరివాళ్ల బండ్లు ఇమడాలి. పైగా ఒడ్డుకు పోయే రోడ్డు ఒడ్డు దగ్గరే ఆగిపోతుంది. ముందుకు పోయి బయటపడే వీలు లేదు, వచ్చిన తొవ్వనే వెనక్కి రావాలి.

లక్నవరం సంగతి ఇంకా ఇరుకు. చల్వాయి దగ్గర హైవే దిగి ఏడెనిమిది కిలోమీటర్లు లోపలికి పోతే చెరువు. కాకతీయుల నాటిది, ఇప్పుడు వేలాడే వంతెనతో పేరు పడింది. ఒకవైపు నీళ్లు, మిగతా దిక్కుల గుట్టలు, అడవి. సముద్రపు ఊరికి ఉన్న సగం వలయం కూడా దీనికి లేదు. వంతెనకు దగ్గరున్న జాగ నిండిపోయాక వచ్చిన ప్రతి కారూ లోపలిదాకా పోయి, లేదని తెలుసుకొని, ఎదురొచ్చేవాటి మధ్య రివర్స్ కొట్టుకుంటూ బయటికి రావాలి. ఒక్కో కారు ఆ రోడ్డును రెండుసార్లు తొక్కుతుందన్నమాట. లోపల జాగ ఎంతుందో మూలమలుపు దగ్గరే, హైవే దిగేచోటనే చెప్పే బోర్డు ఒకటుంటే ఇందులో సగం బాధ తీరుతుంది. అది లేనంతకాలం సందర్శకుడి చేతిలో ఉన్న ఉపాయం గడియారమే. పొద్దున తొమ్మిది లోపు పోవాలి, లేదంటే మధ్యాహ్నం భోజనాలయ్యి మొదటి విడత జనం లేచేదాకా ఆగాలి. పదకొండున్నరకు పోయి దగ్గర్లోనే జాగ దొరకాలనుకుంటే ఎట్లా?

కాళేశ్వరం దీనికి పూర్తిగా వేరు. నది ఒడ్డునే ఉన్నా తొవ్వ అక్కడితో ఆగదు. గోదావరి మీద వంతెన దాటితే మహారాష్ట్రలోని సిరొంచ. వచ్చిన బండి ముందుకూ పోగలదు కాబట్టి మామూలు రోజుల్లో బిగుసుకోదు. ఘాట్లకు పోయే దారులు మాత్రం చివరికి నీళ్ల దగ్గరే ఆగుతాయి. 2025 మేలో సరస్వతి పుష్కరాలు జరిగాయి, 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి. పుష్కరానికి పోయేవాళ్లు ఘాటుకు దగ్గర అన్న మాట మరచిపోయి, రోడ్డుకు దగ్గర అన్న మాట పట్టుకుంటే స్నానం చేసొచ్చాక తడిబట్టలతో కారులో రెండు గంటలు కూచునే అవస్థ తప్పుతుంది.

ఏనుగును ఆపిన మలుపు

ఖిలా వరంగల్‌లో బండి సంగతి మాట్లాడేముందు రాతికోట ద్వారం దగ్గర ఒకసారి దిగి నిలబడి చూడాలి. గణపతిదేవుడు మొదలుపెడితే రుద్రమదేవి పూర్తి చేసిందని చెప్పే గోడ ఇది. ద్వారంలోంచి దారి నేరుగా లోపలికి పోదు. పక్కకు మలిగి, గోడల మధ్య కొంచెం సాగి, మళ్లీ మలిగాక గానీ లోపలికి చేరదు. శత్రువు ఏనుగు పరుగున వచ్చి తలుపును గుద్దడానికి వీలు లేకుండా కట్టిన కట్టడం. ఏడు వందల ఏళ్ల తర్వాత ఏనుగులు పోయాయి, మలుపు అట్లాగే ఉంది. ఇప్పుడది స్కూలు బస్సును, టూరిస్టు టెంపోను, గడ్డి ట్రాక్టరును ఆపుతోంది. ఎదురెదురుగా రెండు పెద్ద బండ్లు వస్తే ఒకటి వెనక్కి పోవాల్సిందే, వెనక అప్పటికే ఆటో ఉంటుంది. కాకతీయుల ఇంజినీర్లు తమ పని తాము సరిగ్గానే చేసిపెట్టారు.

కోట లోపల ఊరు బతికే ఉంది. ఇళ్లున్నాయి, కిరాణా కొట్లున్నాయి, సాయంత్రం అరుగుల మీద కూచునే ముసలివాళ్లున్నారు. కీర్తి తోరణాల ముందు, ఖుష్ మహల్ ముందు ఎడాపెడా నిలిపిన కార్లు వాళ్ల ఇంటి గుమ్మాలకే అడ్డం. చూడవలసినవన్నీ నడిచే దూరంలోనే ఉన్నాయి. తోరణాల దగ్గరినుంచి ఖుష్ మహల్‌కు నడిచినంత సేపు పట్టదు, బండి తీసి, తిప్పి, మళ్లీ పెట్టుకోవడానికే ఎక్కువ పడుతుంది. ఒక్కచోట పెట్టి మూడూ తిరిగి రావాలి, ఏకశిల గుట్టతో సహా. పెద్ద బస్సులో వచ్చే కాలేజీ పిల్లలైతే కోట బయటే దిగి ఆ ద్వారంలోంచి కాళ్లతో నడిచి రావడం మేలు. మలుపు ఎందుకు కట్టారో పాఠం చెప్పకుండానే తెలుస్తుంది.

భద్రకాళి గుడి దగ్గర ఇంకో తిరకాసు ఉంది. అక్కడికి మనుషులే కాదు, బండ్లు కూడా దర్శనానికి వస్తాయి. కొత్త కారు, కొత్త బైకు, కొత్త హార్వెస్టర్ ఏది కొన్నా ముందు అమ్మవారి దగ్గర పూజ చేయించాలి. మామిడాకు దండ, బంతిపూల దండ, నిమ్మకాయలు, హారతి. ఆ బండిని దూరంగా పెట్టి రమ్మనడానికి లేదు, మొక్కు దానిదే మరి. శుక్రవారాలు, దసరా నవరాత్రులు, ఆషాఢంలో శాకంబరి ఉత్సవాలు, ఈ రోజుల్లో పూజ బండ్లూ భక్తుల బండ్లూ ఒకే ఇరుకులో కలుస్తాయి. గుడి ఒకవైపు చెరువు, అవతల గుట్ట. మళ్లీ అదే సగం వలయం. చేయగలిగింది ఒకటే. కొత్త బండి పూజకు రద్దీ లేని రోజు చూసుకోవడం, దర్శనానికి రద్దీ రోజున పోతే ఆటోలో పోవడం. హనుమకొండకూ వరంగల్‌కూ మధ్యనే ఉన్న గుడి, ఏ దిక్కునుంచైనా ఆటోకు అయ్యే ఖర్చు చిన్నదే.

వరంగల్ బజార్ల గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. స్టేషన్ రోడ్డు, చౌరస్తా, బట్టల బజారు వైపు కారు తీసుకుపోవడమే తప్పు. సెల్లార్లలో ఉండాల్సిన బండ్లు రోడ్డు మీద, రోడ్డు పక్కన ఉండాల్సిన దుకాణాలు సెల్లార్లలో ఉన్న వీధులు చాలా ఊళ్లలో ఉన్నాయి, ఇక్కడ కొత్తేమీ లేదు.

చెల్కా, రేగడా

పార్కింగ్ అని రాసిన ప్రతి ఖాళీ జాగా పార్కింగ్ కాదు. కింద ఏ మట్టి ఉందో చూడాలి. రైతు ఇంట పుట్టినవాళ్లు దిగకముందే చూస్తారు. టౌన్లో పెరిగినవాళ్లు దిగబడ్డాక చూస్తారు. ఎర్ర చెల్క నేల వాన పడ్డ గంటకే నీళ్లు ఇంకించుకొని గట్టిపడుతుంది. నల్ల రేగడి అట్లా కాదు. నీళ్లు తాగి ఉబ్బుతుంది, పైన ఆరినట్టు కనబడుతూనే లోపల మైనంలా ఉంటుంది. చక్రం ఒకసారి జారి తిరగడం మొదలుపెడితే ఎంత యాక్సిలరేటర్ తొక్కితే అంత లోతుకు దిగుతుంది. అప్పుడు ట్రాక్టర్ వస్తుంది. ఆ ట్రాక్టర్‌కు ఇచ్చే డబ్బులతో పార్కింగ్ ఫీజు పదిసార్లు కట్టొచ్చు.

ఇది బొగత దగ్గర బాగా తెలుస్తుంది. వాజేడు మండలం చీకుపల్లి దగ్గరి ఈ జలపాతం చూడాలంటే వానాకాలంలోనే చూడాలి, నేల దిగబడేదీ ఆ కాలంలోనే. ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటి అంతదూరం పోయాక ఎవరికైనా నీళ్ల చప్పుడు వినబడేదాకా బండిలోనే పోవాలనిపిస్తుంది. ఆగాల్సింది మొరం పోసిన చోట. గడ్డి పచ్చగా, మెత్తగా కనబడిందంటే అది చక్రానికి ఆహ్వానం కాదు.

ఎండాకాలంలో సమస్య పైనుంచి వస్తుంది. మేలో ఎండ 42, 44 డిగ్రీలు కాసే జిల్లాలు. అద్దాలు మూసిన కారు లోపల పిల్లల్ని గానీ కుక్కను గానీ ఐదు నిమిషాలని వదిలిపెట్టడం ప్రాణాల మీదికి తేవడమే. చెట్టునీడ వెతకడం సహజం. వేప కింద పెడితే కాయలు రాలి అద్దం జిగటవుతుంది, అంతకంటే నష్టం లేదు. రావి మీద పక్షులు, చింత మీద కోతులు. కోతికి కారు వైపర్ ఎందుకంత ఇష్టమో ఎవరికీ తెలియదు, పీకకుండా వదలదు. పస్రా దాటాక అడవి తొవ్వలో ఇంకో జాగ్రత్త ఉంది. మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి టేకు ఆకు రాలి రోడ్డు పక్కన మోకాలెత్తు ఎండుతుంది. వంద కిలోమీటర్లు నడిచొచ్చిన కారు సైలెన్సర్ గొట్టం ఆ ఆకు మీద ఆగితే అంటుకోవడానికి అగ్గిపుల్ల అక్కర్లేదు. కోతులకు అరటిపండ్లు వేయడానికని మలుపుల్లో ఆపేవాళ్లు ఒకేసారి రెండు ప్రమాదాలు కొనితెస్తున్నారు.

రశీదు మీద ఏముంది

పల్లెల్లో, చిన్న టౌన్లలో పార్కింగ్ వసూలును చాలాచోట్ల వేలం వేస్తారు. తైబజారుకు వేసినట్టే. పాడుకున్నవాడు ఏడాది డబ్బు ముందే కట్టి, జాతర రోజుల్లో, ఆదివారాల్లో, సెలవుల్లో రాబట్టుకోవాలి. అతని లాభం లోపలికి వచ్చిన బండ్ల లెక్కలో ఉంది, బయటికి సాఫీగా పోయిన బండ్ల లెక్కలో లేదు. ఇందులో మనిషి మంచిచెడ్డల ప్రసక్తి లేదు, వేలం తీరే అంత. అందుకే నిండిపోయిన మైదానంలోకి కూడా ‘రాండ్రి, రాండ్రి, జాగున్నది’ అంటూ చెయ్యి ఊపుతారు. గంటల లెక్కన ఫీజు ఉంటే ఆగే సేపు తగ్గుతుంది, వచ్చిన ఒక్కసారికే ఇంత అంటే రోజంతా పెట్టుకున్నవాడూ అరగంటలో పోయినవాడూ సమానం. గట్టమ్మ లెక్క గుర్తుంటే ఇది ఎంత తేడా చేస్తుందో అర్థమవుతుంది. రశీదు మీద ఎవరి పేరున వసూలు చేస్తున్నారు, ఏ బండికి ఎంత, తేదీ ఏమిటి అన్నవి అచ్చయి ఉండాలి. చేత్తో అంకె మాత్రం గీకిన కాగితం ముక్క రశీదు కాదు.

‘బండికి యజమానిదే బాధ్యత’ అన్న బోర్డు ప్రతిచోటా ఉంటుంది. అది పూర్తిగా నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు. తాళంచెవి ఎవరి జేబులో ఉందన్నదాన్ని బట్టి చాలా మారుతుంది. హోటల్ మనిషి తాళంచెవి తీసుకొని బండిని తానే పెట్టుకుంటే, తన నిర్లక్ష్యానికి బోర్డు చూపించి తప్పించుకోలేదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. మనమే పెట్టి, తాళం మన జేబులోనే వేసుకున్న పల్లె మైదానంలో ఆ తీర్పును పట్టుకొని వాదించడం అంత తేలిక కాదు.

రోడ్డు మీద వదిలితే 1988 మోటారు వాహనాల చట్టం ఉంది. ఇతరులకు ప్రమాదం గానీ అడ్డంకి గానీ అయ్యేట్టు బండి వదలకూడదంటుంది 122వ సెక్షన్. అట్లా వదిలిన బండిని తీసుకుపోయే అధికారం, ఖర్చు యజమాని నెత్తిన వేసే వీలు 127లో ఉన్నాయి. 117వ సెక్షన్ గురించి ఎవరూ మాట్లాడరు. బండ్లు ఎక్కడ నిలపాలో స్థానిక సంస్థను సంప్రదించి ముందుగా నిర్ణయించే అధికారం ప్రభుత్వానిదీ, అది అధికారం ఇచ్చినవాళ్లదీ అని అందులో ఉంది. ఎక్కడ పెట్టొచ్చో చెప్పకుండా ఎక్కడ పెట్టకూడదో మాత్రం ఫొటో తీసి చలానా పంపే ఊళ్లో సందర్శకుడికి కోపం రావడంలో తప్పేముంది? టౌన్లో మాల్‌కో మల్టీప్లెక్స్‌కో పోతే మాత్రం తెలంగాణ ప్రభుత్వం 2018లో ఇచ్చిన జీవో 63 గుర్తుండాలి. మొదటి 30 నిమిషాలకు రుసుం లేదు. గంట లోపు అయితే అక్కడ కొన్న బిల్లు ఎంతదైనా చూపితే చాలు. గంట దాటితే బిల్లు పార్కింగ్ రుసుం కంటే ఎక్కువుండాలి.

నాలుగు రోజుల ఊరు

ఈ లెక్కలన్నీ ఒక్కచోట పరీక్షకు నిలబడేది మేడారంలో. రెండేళ్లకోసారి మాఘంలో బుధవారం నుంచి శనివారం దాకా జాతర. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24, 2026లో జనవరి 28 నుంచి 31. కోటికి పైగా వస్తారని ప్రభుత్వం అంచనా వేసుకొని ఏర్పాట్లు చేసే జాతర. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వస్తుంది, గురువారం చిలుకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది, శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం.

ఇక్కడ ఆగే సేపు గంటల్లో ఉండదు. జంపన్న వాగులో స్నానం, గద్దెల దగ్గర బంగారం, అంటే బెల్లం, సమర్పణ, ఎదురుకోళ్లు, వేట మేకను కోసుకొని వండుకోవడం. ఒక రాత్రి, కొందరికి రెండు రాత్రులు. బండి పక్కనే టార్పాలిన్ కట్టి పొయ్యి పెడతారు. అంటే ఒక కారుకు కావలసింది 30 గజాలు కాదు, ఇంటిల్లిపాదికీ సరిపడే గుడారం జాగ. అదంతా పక్కకు పెట్టి గుంటకు నాలుగనే అనుకున్నా, 100 ఎకరాల్లో పట్టేది 16,000 కార్లు. కారుకు ఐదుగురైతే 80,000 మంది. లక్షల జనం ముందు అదెంత? అవే 100 ఎకరాల్లో బస్సులైతే 4,000. ఒక్క విడతకే రెండు లక్షల మంది. పైగా బస్సు అక్కడ నిద్రపోదు, దించి వెనక్కి పోయి మళ్లీ వస్తుంది.

ఆ తేడా వల్లనే గత జాతరల్లో ఆర్టీసీ బస్సులకు తాడ్వాయి మీదుగా వేరే తొవ్వ, గద్దెలకు దగ్గర్లో బస్టాండ్ ఇచ్చి, ప్రైవేటు బండ్లను పస్రా దగ్గర మలిపి నార్లాపూర్ మీదుగా పంపారు. తిరుగుదారి బయ్యక్కపేట, భూపాలపల్లి, పరకాల మీదుగా వన్‌వే. సొంత కారులో పోయినవాళ్లు ఏసీలో కూచొని పోయి, దిగాక దుబ్బలో కిలోమీటర్ల కొద్దీ నడుస్తారు. బస్సులో నిలబడి పోయినవాళ్లు దిగాక కాసేపట్లోనే గద్దెల దారిలో ఉంటారు. 2023 డిసెంబర్ నుంచి మహిళలకు బస్సు ఉచితం కూడా. ఇంత తేట లెక్క తెలిసీ ఇంటికో కారు తీయడానికి కారణం మేక. వేటను, వంట గిన్నెలను, బెల్లం మూటలను వేసుకొని బస్సెక్కడం అందరివల్లా అయ్యే పని కాదు. ఆ కుటుంబాలకు కారు తప్పదు, మిగిలినవాళ్లకు తప్పుతుంది.

కారు తప్పనివాళ్లు చూసుకోవాల్సింది గద్దెలు ఎంత దగ్గరన్నది కాదు, తిరుగుదారి ఎటున్నదన్నది. లోపలి వరుసల్లో, గద్దెలకు దగ్గరగా చేరిన కారు ముందున్నవన్నీ కదిలితే గానీ కదలదు. పొలం అంచున, తిరుగుదారి వైపు నిలబడ్డది తనకు నచ్చినప్పుడు లేస్తుంది. జాతర ఏడాది యాసంగి నాటు వేయకుండా పొలం ఖాళీగా ఉంచే రైతులు ఉన్నారు. కోసిన వరి మోళ్లు గట్టిగా ఉంటాయి, టైరుకు మంచిదే. పొలం గట్టు దాటేచోట మాత్రం కారు అడుగు తగులుతుంది, దిగి చూసుకోవాలి. తెల్ల కార్లు వేలల్లో ఉంటాయి కాబట్టి నిలిపిన వరుస నంబరును, పక్కనున్న కరెంటు స్తంభాన్ని ఫొటో తీసుకోవాలి. జనం ఎక్కువైన రాత్రి ఫోన్ మోగదు, ‘ఎక్కడున్నవ్’ అని అడగడం కుదరదు. పాత పద్ధతిలో కర్రకు ఎర్రగుడ్డ కట్టి బండి మీద నిలబెట్టిన కుటుంబం చీకట్లో కూడా ఒక్క టార్చితో తన జాగ వెతుక్కుంటుంది.

ఇదే జాతరకు వెనకట ఎడ్లబండ్లు కట్టుకొని పోయేవాళ్లు. రోజుల ప్రయాణం. కింద గడ్డి, మీద గొంగడి, బండి కిందనే పడక. ఎడ్లకు నీళ్లెక్కడున్నాయో, పొద్దుటి ఎండ ఎటు పడుతుందో చూసుకొని జాగ ఎంచుకునేవాళ్లు. నిండుగా ఉన్న ఎడ్లబండిని వెనక్కి నడిపించడం కష్టం. కాడి దింపి ఎడ్లను విప్పాక ఇక దాన్ని కదపలేరు కూడా. అందుకని ఎంత అలిసిపోయి వచ్చినా, చీకటి పడినా, ముందు బండిని చుట్టూ తిప్పి మొఖం తొవ్వకు పెట్టి, ఆ తర్వాతే ఎడ్లను విప్పేవాళ్లు.